పై వయసు జట్టులోకి పంపే ముందు

నాయనా, ఆశీస్సులు.

మీవాడు పదమూడేళ్ల లోపు రగ్బీ జట్టులో బాగా ఆడుతున్నాడనీ, పద్నాలుగేళ్ల లోపు జట్టులో మనిషి తక్కువై కోచ్ వాణ్ణి అడుగుతున్నాడనీ రాశావు. జట్టులో ఖాళీ ఉందన్నది పిల్లవాణ్ణి పైకి పంపడానికి కారణం కాదు. ఆ మాట కోచ్‌తో మెల్లగానే అయినా ముందే చెప్పు. ఒక్క ఏడాది పైకైతే ఆలోచించవచ్చు. రెండేళ్లు పైకి అంటే మాత్రం ఒప్పుకోకు.

‘ఒడ్డూ పొడుగూ ఉన్నాడు, తట్టుకుంటాడులే’ అనే మాట నమ్మవద్దు. మగపిల్లలు ఒక్కసారిగా ఎదిగేది సుమారు 14 ఏళ్ల దగ్గర, ఆడపిల్లలు 12 దగ్గర. కొందరికి అది ముందే వస్తుంది, కొందరికి ఆలస్యమవుతుంది. ముందే పొడుగు సాగినవాడికి మెడ కండ ఇంకా కట్టి ఉండదు, ఎముకల చివర పెరిగే భాగం మెత్తగానే ఉంటుంది. ఆ రోజుల్లో కాళ్లూ చేతులూ వాడి లెక్కకు అందవు, నిన్న సరిగ్గా పడిన అడుగు ఇవాళ తప్పుతుంది. అందుకే నెల విడిచి నెల, ఒకే గోడ దగ్గర, చెప్పుల్లేకుండా, పొద్దున పూట ఎత్తు కొలిచి తేదీతో రాసుకో. పెరుగుదల ఒక్కసారిగా ఊపందుకున్నా, మోకాటిచిప్ప కిందో మడమ వెనకో నొప్పి అంటున్నా ఇప్పుడు పంపకు.

ఎత్తూ బరువూ కన్నా నేను ఎక్కువగా చూడమనేది ట్యాకిల్, అంటే బంతితో పరుగెత్తేవాణ్ణి భుజం ఆనించి, చేతులు చుట్టి పడగొట్టడం. పక్కన నిలబడి పది ట్యాకిళ్లు చూడు, అందులో ఐదు వాడికి చేతకాని, అంటే అలవాటు తక్కువైన భుజంతో ఉండాలి. బంతి పట్టుకున్నవాడి నడుము కిందే భుజం తగలాలి. తల అవతలివాడి వెనకవైపు ఉండి, చెంప వాడి తొడకో పిరుదుకో ఆనాలి. కళ్లు తెరిచే ఉండాలి. తగిలాక రెండు చేతులూ చుట్టి బిగించాలి. తల ముందువైపుకు వెళ్లిందంటే అవతలివాడి మోకాలు నేరుగా తలకే తగులుతుంది, పెద్ద దెబ్బలు అక్కడే వస్తాయి. చేతకాని భుజం వచ్చేసరికి చాలామంది పిల్లలు తల తప్పు పక్క పెడతారు, లేదా కళ్లు మూసుకుని పైపైన పట్టుకుంటారు. ఆ ఐదింట్లో ఒక్కసారి తల ముందుకు వెళ్లినా ఇంకా సమయం రాలేదని అర్థం. ఈ పరీక్ష ప్రాక్టీసు మొదట్లో కాకుండా, వాడు అలిసిపోయిన చివరి పావుగంటలో పెట్టు.

పడటం కూడా చూడు. బంతిని రెండు చేతులతో గుండెకు హత్తుకుని, తొడ, పిరుదు, భుజం వరసలో పక్కకు పడాలి. నేల మీద చెయ్యి చాచి ఆపుకోబోతే మణికట్టో కంటె ఎముకో విరుగుతుంది.

వయసు ఏ తేదీకి లెక్కిస్తారో, ఎంత పైకి ఒప్పుకుంటారో ఒక్కో దేశపు రగ్బీ సంఘానికి ఒక్కో నియమం. నీ అనుమతి, ఇద్దరు కోచ్‌ల అనుమతి, సంఘం అనుమతి కాగితం మీద ఉండాలి. నోటిమాట మీద ఆడిస్తే బీమా దగ్గరే చిక్కు వస్తుంది.

అన్నీ కుదిరాక కూడా నేరుగా మ్యాచ్‌లో దించవద్దు. మూడు వారాలు ఆ జట్టుతో ప్రాక్టీసు చెయ్యనివ్వు. మొదటి వారం దేహం తగలని పనులు, రెండో వారం తన సైజు వాళ్లతోనే ట్యాకిల్, మూడో వారం అందరితో. తర్వాత మ్యాచ్‌లో చివరి పది నిమిషాలు, వింగ్‌లో, అంటే మైదానం అంచు పక్క చోటులో. స్క్రమ్, అంటే రెండు జట్ల వాళ్లూ వరసలుగా వంగి ఒకరినొకరు పట్టుకుని నెట్టుకునే చోట, ముందు వరసకు మాత్రం పంపనివ్వకు. పంతొమ్మిదేళ్ల లోపు ఆటలో స్క్రమ్‌ను 1.5 మీటర్లకు మించి నెట్టకూడదన్న నియమం ఉన్నా, అది కూలితే భారమంతా ముందు వరసవాళ్ల మెడ మీదే పడుతుంది. ఆ జట్టు వాడే బంతి సైజు కూడా కనుక్కో. సైజు పెద్దదైతే ముందు వారం ఇంట్లోనే దానితో పాస్‌లు వేయించు.

పైకి వెళ్లినవాణ్ణి పాత జట్టు కూడా వదలదు, శనివారం ఇక్కడ, ఆదివారం అక్కడ అంటారు. వారానికి ఒక్కటే మ్యాచ్. అన్ని ఆటలూ కలిపి వారానికి ఎన్ని గంటలో లెక్కపెట్టు, ఆ సంఖ్య వాడి వయసును దాటకూడదు. తలకు దెబ్బ తగిలి కాస్త తూలినా, మాట తడబడినా, ‘బాగానే ఉన్నాను’ అని వాడు అంటున్నా సరే, వాణ్ణి బయటికి తెచ్చెయ్. ఆ రోజు మళ్లీ దిగకూడదు. తర్వాత డాక్టరు చెప్పేదాకా ఆట లేదు.

నీ తమ్ముడి కొడుకును ఏడాది కిందికి దించాలన్న సంగతీ అడిగావు. ఆలస్యంగా ఎదుగుతూ, ఆటకు కొత్తయి, భయపడుతున్న పిల్లవాడికి అది మేలే, అనుమతి ఉంటే. కానీ వాడు అక్కడి పిల్లల కన్నా బరువైనవాడైతే వద్దు. అవతల నిలబడేదీ ఎవరి బిడ్డో.

మీవాడితో ఒంటరిగా మాట్లాడు. కోచ్ ముందు అడిగితే ఏ పిల్లవాడూ కాదనడు. ‘నచ్చకపోతే ఎప్పుడైనా నీ జట్టుకే తిరిగి రావచ్చు’ అని చెప్పి, పాత కోచ్‌తో ఆ చోటు ఉంచమని మాట తీసుకో. ఈ వారం చేతకాని భుజం ట్యాకిళ్లు ఐదింటిలో ఎన్ని సరిగ్గా పడ్డాయో నాకు రాయి.