నల్లరేగడి నేలలో 36 మీటర్ల బూమ్ పంపు: రోడ్డువైపు కాళ్లు సగమే తీసి పోయొచ్చా?

కర్నూలు శివారులో జీ ప్లస్ త్రీ స్లాబు, నల్లరేగడి నేల, ముందు ఇరుకు రోడ్డు, రోడ్డుకి అవతల 11 కేవీ లైను, పక్క ప్లాటులో ఏడడుగుల పునాది గుంత. బూమ్ పంపు (మడతలు విప్పుకునే పొడవాటి చేతిలాంటి బూమ్ మీదున్న పైపుతో కాంక్రీటు పోసే లారీ) రోడ్డువైపు కాళ్లు (బండి ఒరగకుండా పక్కలకి చాచి నేలకి ఆనించేవి) సగమే తీసి పోసేస్తానని ఆపరేటరు అంటున్నాడు, ఒప్పుకోవచ్చా అని అడిగారు.

ఒప్పుకోవద్దు. ఒకవైపు కాళ్లు తక్కువగా తీసి పనిచేసే ఏర్పాటు కొన్ని మోడళ్లలో కంపెనీయే ఇస్తుంది. ఆ బండికి అలా ఉన్నట్టు మాన్యువల్లో కనిపించాలి. ఉన్నా, బూమ్‌ను పూర్తిగా తీసిన కాళ్లవైపే తిప్పాలి. మాన్యువల్లో లేకపోతే నాలుగు కాళ్లూ పూర్తిగా బయటికి రావాల్సిందే. అంత చోటు లేదంటే ఆ సైటుకి బూమ్ పంపు పనికిరాదు. లైన్ పంపు (బూమ్ లేకుండా, పరిచిన పైపు గుండా కాంక్రీటు తోసేది) పెట్టి పైపు వేసుకోండి. పైపు వేయడానికి అదనపు మనుషులు కావాలి, పని కాస్త నెమ్మదిస్తుంది, అంతే తేడా.

బూమ్ ఏ కాలి మీదుగా చాస్తే బండి బరువులో పెద్ద భాగం ఆ కాలి మీదకే వస్తుంది. అందుకే పొద్దున బాగానే నిలబడ్డ బండి, మధ్యాహ్నం బూమ్ ఇంకో మూలకి తిరిగాక ఒరుగుతుంది. ఒక్కో కాలి మీద గరిష్ఠంగా ఎంత బరువు పడుతుందో ఆ కాలి మీదే కిలోన్యూటన్లలో రాసి ఉంటుంది. 200 అని ఉంటే సుమారు 20 టన్నులు. నేల చదరపు మీటరుకి 10 టన్నులు మోస్తుందనుకుంటే ఆ కాలి కింద 2 చదరపు మీటర్ల పరుపు (బరువును పంచడానికి వేసే దూలాల వరస) కావాలి, అంటే దాదాపు ఒకటిన్నర మీటరు చదరం. అదే నేల తడిసి 5 టన్నులకి పడిపోతే రెండు మీటర్ల చదరం కావాలి. మీ నేల ఎంత మోస్తుందో సైటు ఇంజనీరుతో రాయించుకోండి.

నల్లరేగడి ఎండలో బిగుసుకుని నెర్రెలిచ్చి రాయిలా కనిపిస్తుంది, నీళ్లు తగిలితే మెత్తబడిపోతుంది. వాన అక్కర్లేదు, మిక్సర్ లారీ కడిగిన నీళ్లో, క్యూరింగ్ నీళ్లో కాలి కిందకి పారితే చాలు. పైనున్న వదులు మట్టి తీసేసి, గ్రావెల్ పోసి రోలర్‌తో తొక్కించండి. దానిమీద ఐదారు అంగుళాల మందం దూలాలు పక్కపక్కనే ఒక వరస, వాటికి అడ్డంగా ఇంకో వరస వేసి, సరిగ్గా మధ్యలో కాలి ప్యాడు దించాలి. మన దగ్గర చవకని కాలి కింద బేతంచెర్ల నాపరాళ్లో కడప బండలో వేస్తుంటారు. దయచేసి వేయకండి. కింద మట్టి కుంగగానే బండ వంగలేక ఒక్కసారిగా పగులుతుంది, ముందుగా ఏ సూచనా ఇవ్వదు. డ్రైనేజీ పలక, సంపు మూత, సెప్టిక్ ట్యాంకు, కొత్తగా పూడ్చిన మట్టి, వీటిమీద కూడా కాలు దించొద్దు.

పక్క గుంత ఏడడుగుల లోతు కాబట్టి, దాని అంచు నుంచి మీ పరుపు అంచు వరకు కనీసం ఏడడుగులు వదలాలి. మట్టి వదులుగా ఉంటే పద్నాలుగు. బండి వాలు మూడు డిగ్రీలు దాటకూడదు. నాలుగు కాళ్లూ దిగాకే బూమ్ విప్పాలి. మొదటి లారీ అయ్యాక లెవెల్ మళ్లీ చూడండి. కాలు కుంగినట్టు కనిపిస్తే బూమ్ చాచి ఉండగానే జాకీ ఎత్తొద్దు. పంపు ఆపి, బూమ్ ముడిచి, అప్పుడు సరిచేయాలి.

లైను విషయంలో బూమ్, దాని కొసన వేలాడే రబ్బరు హోస్ ఊగే దూరం కలుపుకుని 20 అడుగులకి లోపలికి వెళ్లకూడదు. అది కుదరకపోతే ఎస్పీడీసీఎల్ (కరెంటు సంస్థ) సెక్షన్ ఆఫీసులో అడిగి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే పని అయ్యేదాకా ఆ లైనులో కరెంటు ఆపడం) తీసుకోండి. రబ్బరు హోస్ కదా అని ధైర్యం వద్దు, లోపలున్న పచ్చి కాంక్రీటు కరెంటును మోస్తుంది. బూమ్ తీగకి తగిలితే హోస్ పట్టినవాళ్ల తర్వాత ప్రమాదం హాపర్ (మిక్సర్ లారీ కాంక్రీటు పోసే తొట్టి) దగ్గరున్న మనిషికీ, బండిని ఆనుకున్న మిక్సర్ డ్రైవరుకీ. సప్లై ఆపించేదాకా ఎవరూ బండిని ముట్టుకోకూడదు.

హోస్ దగ్గర దెబ్బలు ఎక్కువగా పోత మొదలయ్యేటప్పుడూ, మధ్యలో ఆగి మళ్లీ మొదలయ్యేటప్పుడూ తగులుతాయి. హాపర్లో కాంక్రీటు ఆజిటేటర్ షాఫ్టు (కాంక్రీటును కలియతిప్పే ఇరుసు) కిందకి దిగితే పంపు గాలి పీలుస్తుంది. ఆ గాలి పైపులో నొక్కుకుని, చివర ఒక్కసారిగా బయటపడి హోస్‌ను కొరడాలా విసురుతుంది. సెంట్రింగ్ మీద నిలబడ్డ మనిషి కిందపడేది అప్పుడే. గాలి లాగిందని తెలియగానే ఆపి, రెండు మూడు స్ట్రోకులు రివర్సు కొట్టి, హాపర్ నింపి, హోస్ పొడవంత దూరానికి అందరినీ జరిపి నెమ్మదిగా ముందుకు నడపాలి. హోస్ చివర ఇనుప కప్లింగ్ ఉండకూడదు. మూలకి అందడం లేదని అదనపు హోస్ తగిలించడం కూడా తప్పే. ఐదంగుళాల పైపులో మీటరుకి సుమారు 30 కిలోల కాంక్రీటు ఉంటుంది, ఆ బరువంతా బూమ్ కొసన వేలాడుతుంది.

పైపు జామైతే ప్రెషర్ పెంచి నెట్టొద్దు. రివర్సు కొట్టి ప్రెషర్ పూర్తిగా దిగాకే క్లాంపు విప్పాలి. ఇంజను ఆపినా అక్యుములేటర్లో (హైడ్రాలిక్ ఒత్తిడిని నిల్వ ఉంచే సీసాలో) ఒత్తిడి మిగిలి ఉంటుంది, ఎస్ వాల్వు (హాపర్లో అటూ ఇటూ కదిలే ఎస్ ఆకారపు పైపు) ఇంకోసారి కదలగలదు. అక్యుములేటర్‌లో ఒత్తిడి ఖాళీ చేయకుండా హాపర్లో చెయ్యి పెట్టకూడదు.

మన ఎండాకాలంలో ఈ జాములు మరీ ఎక్కువ. పోసేటప్పుడు కాంక్రీటు 40 డిగ్రీలు దాటకూడదు. తెల్లవారుజామున మొదలుపెట్టండి, లారీకీ లారీకీ మధ్య పంపును పూర్తిగా ఆపేయకుండా పది నిమిషాలకోసారి రెండు స్ట్రోకులు కదిలించమనండి. బిగిసిందని డ్రమ్ములో నీళ్లు కలపనివ్వొద్దు. గాలి గంటకి 50 కిలోమీటర్లు దాటితే బూమ్ ముడవాల్సిందే, మీ స్లాబు సగంలో ఉన్నా సరే.