కుక్కపిల్లకి పార్వో అంటే పాపని క్లాస్ బయట కూర్చోబెట్టేశారు

ప్రశ్న: మా కుక్కపిల్లకి పార్వో వచ్చింది, వాంతులు, రక్త విరేచనాలు, డాక్టర్ సెలైన్ ఎక్కిస్తున్నారు. ఐదో క్లాస్ చదివే మా పాప ఆ దిగులుతో క్లాసులో ఏడ్చేసింది, ఏమైందమ్మా అని టీచర్ అడిగితే చెప్పింది, అంతే ఆవిడ కంగారుపడిపోయి అందరూ దూరం జరగండని, బ్యాగుతో సహా పాపని వరండాలో కూర్చోబెట్టి మాకు ఫోన్ చేశారు. ఇప్పుడు పక్కన ఎవరూ కూర్చోవట్లేదట, స్కూలుకి వెళ్లనంటోంది. అది నిజంగా అంటుకుంటుందా?

జవాబు: అంటుకోదండి. 1978లో బయటపడిన ఈ కుక్కల పార్వో వైరస్ మనుషులకి జబ్బు చెయ్యదు, పిల్లల్లో బుగ్గలు ఎర్రబడే పార్వో బి19 వేరే వైరస్, అది మనుషుల్లోనే తిరుగుతుంది. బహుశా టీచర్ ఈ రెండిట్నీ ఒకటే అనుకుని ఉంటారు, అయినా ఏడుస్తున్న పిల్లని అలా వెలేసినట్టు కూర్చోబెట్టడం చాలా తప్పు, నాకు చాలా బాధేసింది. మీ వెటర్నరీ డాక్టర్ చేత రెండు లైన్లు రాయించుకుని టీచర్‌ని విడిగా కలవండి, గొడవ పడొద్దు, కానీ పిల్లలందరి ముందూ ఆవిడే "భయం లేదు" అని చెప్పి పాపని తన చోట కూర్చోబెట్టాలని గట్టిగా అడగండి. మీరు చెప్తే పిల్లలు నమ్మరు, టీచర్ చెప్తేనే నమ్ముతారు.

జాగ్రత్తంతా వేరే కుక్కపిల్లల విషయంలోనే, ఈ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, చెప్పులకి అంటుకుని కూడా వెళ్తుంది, మామూలు ఫినాయిల్‌ని నమ్ముకోకుండా బ్లీచ్ కలిపిన నీళ్లతో కడగండి. కుక్కపిల్ల ఎలా ఉందో పాపకి రోజూ ఉన్నదున్నట్టు చెప్పండి.