కీమో రోజుల్లో అమ్మకి ఇష్టమైన కూర పెట్టకండి

విజయవాడ నుంచి ఒక అమ్మాయి అడిగింది: "అమ్మకి రెండో కీమో అయింది. పోపు వాసన వస్తే చాలు కడుపులో తిప్పుతోంది అంటోంది. మంచినీళ్లు కూడా ఇనుము రుచి అంటోంది. తనకి ప్రాణమైన వంటలన్నీ ఒక్కొక్కటే చేసి పెడుతున్నా రెండు ముద్దలకి మించి దిగడం లేదు. ఇంకేం చేయాలి?"

మాది గుంటూరు. రొమ్ము క్యాన్సర్‌కి కీమో చేయించుకున్నాను. వండే వైపు నుంచి కాకుండా, మంచం మీద పడుకుని వంటింటి వాసనలు భరించిన వైపు నుంచి చెప్తాను.

ముందు ఆ ప్రాణమైన వంటలు ఆపమ్మా. కీమో రోజూ, ఆ తర్వాత నాలుగైదు రోజులూ అమ్మకి బాగా ఇష్టమైనది ఏదీ ఆమె ముందుకి రానివ్వకండి. మన ఇళ్లలో ఒంట్లో బాగోలేనివాళ్లకి ఇష్టమైంది చేసి పెట్టడమే ప్రేమ కాబట్టి ఈ మాట ఎవరికీ రుచించదు. మా అత్తయ్యకీ రుచించలేదు.

నా మొదటి కీమో మార్చి నెలాఖరున. బజార్లోకి చింతచిగురు అప్పుడే వస్తోంది. నాకు చింతచిగురు పప్పంటే ఎంత పిచ్చో అత్తయ్యకి తెలుసు. నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికి చిగురు ఏరి, అరచేతుల్లో నలిపి, ఈనెలు తీసేసి, కందిపప్పులో వేసి వెల్లుల్లి, ఎండుమిరపకాయలతో పోపు పెట్టి ఉంచారు. నెయ్యి వేసుకుని తృప్తిగా తిన్నాను. అర్ధరాత్రి మొదలైన వాంతులు తెల్లారేదాకా ఆగలేదు. అది మందు చేసిన పని, పప్పు చేసింది కాదు. ఆ సంగతి నాకు తెలుసు, నా కడుపుకి తెలియదు. ట్రీట్‌మెంట్ అయిపోయి మిగతా రుచులన్నీ తిరిగొచ్చినా, ఈరోజుకీ రైతుబజార్లో చింతచిగురు గంపల పక్క నుంచి వెళ్లాలంటే ఊపిరి బిగబట్టి నడుస్తాను.

ఇది నా ఒక్కదాని గోల కాదు. 1978లో అమెరికాలో ఐలీన్ బెర్న్‌స్టీన్ అనే శాస్త్రవేత్త, కీమో ఎక్కించే ముందు కొందరు పిల్లలకి ఒక కొత్త రుచి ఐస్‌క్రీమ్ పెట్టి చూశారు. తర్వాత మళ్లీ అదే ఇస్తే ఆ పిల్లల్లో చాలామంది వద్దన్నారు. కడుపులో తిప్పడానికి కాస్త ముందు తిన్నదాన్ని శరీరం విషమని గుర్తుపెట్టేసుకుంటుంది. విషం తిని బతికిన జీవి మళ్లీ దాని జోలికి వెళ్లకుండా ప్రకృతి పెట్టిన ఏర్పాటు ఇది, కీమో విషయంలో తప్పు దొంగని పట్టుకుంటుంది. ఆవిడే మరొకరితో కలిసి 1987లో ఇంకో సంగతి చూపించారు. భోజనానికీ కీమోకీ మధ్యలో గట్టి రుచి ఉన్న చప్పరించే మిఠాయి బిళ్ల ఒకటి తినిపిస్తే, ఆ నింద చాలావరకు బిళ్ల మీద పడి భోజనం బయటపడింది.

కీమో వార్డులో నా పక్క బెడ్ ఆవిడ ఇది తెలిసి చేసిందో తెలియక చేసిందో గానీ, పైనాపిల్ బిళ్లలు తెచ్చుకునేది. నాకూ ఒకటి ఇచ్చింది. పైనాపిల్ నాకు ఎప్పుడూ పెద్దగా నచ్చదు, పోయినా బాధ లేదు. అప్పటినుంచి ప్రతిసారీ అదే బిళ్ల. ఇంకో లాభం కూడా ఉంది. సూదిలోంచో, మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే పోర్టులోంచో సెలైన్ తోసినప్పుడు నోట్లోకి ఒక మందు రుచి ఎగదన్నుతుంది చూడండి, బిళ్ల బుగ్గన ఉంటే అది అంత తెలియదు. మీ అమ్మగారికి కూడా ఇలా బలి ఇవ్వడానికి పనికొచ్చే రుచి ఒకటి ఎంచి పెట్టండి.

మరి ఆ నాలుగైదు రోజులు ఏం పెట్టాలంటే, ఇష్టమూ కాని కష్టమూ కాని వంటలు. ఇడ్లీ, పెసరపప్పు కట్టు, మజ్జిగన్నం, పల్చటి రాగిజావ, బ్రెడ్డు, మరమరాలు. గంటకోసారి గుప్పెడు చొప్పున పెట్టినా చాలు, పూర్తిగా ఖాళీ కడుపుతో ఉంటే వికారం ఇంకా పెరుగుతుంది. 21 రోజులకోసారి ఇచ్చే కీమో అయితే మూడో వారానికి నోరు కాస్త దారికొస్తుంది. అమ్మకి ఇష్టమైనవన్నీ అప్పుడు చేయండి. తగ్గిన బరువు పూడ్చుకోవలసింది కూడా ఆ వారంలోనే.

ఇక వాసనలు. మార్చి, ఏప్రిల్ అంటే మా ఊళ్లో మిర్చి యార్డు కిటకిటలాడే కాలం. ఇళ్లలో ఏడాది కారం కోసం డాబాల మీద మిరపకాయలు ఎండేసి, తొడిమలు తీసి మిల్లుకి పంపుతారు. నన్ను చూసి మా అపార్ట్‌మెంట్ వాళ్లంతా భయపడ్డారు గానీ ఆ ఘాటుకి నాకు తుమ్ములు వచ్చాయి తప్ప వికారం రాలేదు. నన్ను పడగొట్టింది అన్నం ఉడికే వాసన. జీవితమంతా వాసనే లేదనుకున్న అన్నానికి! తర్వాత ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు వచ్చే చల్లటి వాసన, మా ఆయన తలకి రాసుకునే నూనె, మల్లెపూలు. అందుకే ఏ వాసన పడదో మీరు ఊహించకండి, అమ్మనే అడిగి ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. వారం వారం మారుతుంది కూడా.

వేడి తగ్గితే వాసన కూడా తగ్గుతుంది. అందుకని కుక్కర్ మూత ఆమె ఉన్న గది దగ్గర తీయొద్దు. వీలైతే ఆమె డాబా మీదో వరండాలోనో కూర్చున్న టైములో వంట ముగించి, కిటికీలు తీసి, ఫ్యాన్ వేసి, ఆ తర్వాత లోపలికి తీసుకురండి. పోపు పెట్టక తప్పకపోతే పక్కింట్లో పెట్టించి తెచ్చుకోవడం నయం, మాకు ఎదురింటావిడ ఆ సాయం చేసింది. చల్లారిన చారు, చల్లటి పెరుగన్నం వేడివాటికంటే సులువుగా దిగుతాయి. జావ, పాలు, సూపు లాంటివి మూత ఉన్న గ్లాసులో పోసి స్ట్రా వేసి ఇస్తే ముక్కుదాకా వాసన రాకుండానే గొంతు దిగిపోతాయి.

వాసన తప్పించుకోలేని చోటికి నేను దబ్బాకు తీసుకెళ్లేదాన్ని. రుమాల్లో పెట్టి నలిపి ముక్కు దగ్గర పట్టుకుంటే హాయిగా ఉండేది. అయితే కీమో వార్డులోకి మాత్రం దాన్ని తీసుకెళ్లొద్దు. అక్కడికి తీసుకెళ్తే కొన్నాళ్లకి దబ్బాకు కూడా వార్డు వాసనే అయిపోతుంది.

ఇనుము రుచి సంగతి. నాలుక మీద రుచి చెప్పే కణాలు సుమారు పది రోజులకోసారి పాతవి పోయి కొత్తవి పుడుతుంటాయి. వేగంగా పెరిగే కణాల మీదే కీమో దెబ్బ కాబట్టి వీటికీ తగులుతుంది. కొన్ని మందులైతే లాలాజలంలోకి కూడా వచ్చి చేదు చేస్తాయి. స్టీలు కంచం, స్టీలు చెంచా పక్కన పెట్టి గాజుగిన్నె, ప్లాస్టిక్ చెంచా ఇవ్వండి. మీ దగ్గర అరిటాకు దొరకని రోజు ఉండదుగా, బాగా కడిగి అందులో పెట్టండి. తినే ముందు నోరు పుక్కిలించడం అన్నిటికంటే బాగా పనిచేసింది. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు టీస్పూను వంటసోడా, అందులో సగం ఉప్పు. మింగకూడదు. నోట్లో పుళ్లు లేకపోతే నీళ్లలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే ఇనుము రుచి కొంత చచ్చిపోతుంది. పుళ్లు ఉంటే నిమ్మ, చింతపండు, ఊరగాయ ఏవీ వద్దు, మంట భరించలేరు.

మాంసం చాలామందికి చేదుగానో తుప్పుగానో తగులుతుంది. బలవంతం చేయొద్దు. పెసరపప్పు, పనీర్, పాలు, సున్నుండలు, బాగా ఉడికించి చల్లార్చిన గుడ్డు, వీటితో ప్రొటీన్ లోటు చాలావరకు తీరుతుంది.

వాంతి మాత్ర విషయంలో చాలా ఇళ్లలో వాంతి అయ్యాకే వేసుకోవాలనుకుంటారు. డాక్టర్ ఏ టైముకి వేసుకోమని రాశారో ఆ టైముకే వేయాలి, బాగున్నా సరే. అప్పటికీ ఆగకపోతే సర్దుకుపోకుండా ఫోన్ చేసి చెప్పండి. ఆన్‌డాన్‌సెట్రాన్ ఒక్కటే కాదు, ఓలాంజాపిన్ లాంటివి కూడా ఉన్నాయి, మార్చి ఇస్తారు. ఆన్‌డాన్‌సెట్రాన్‌తో మలబద్ధకం వస్తుంది, దానివల్ల కూడా ఆకలి చచ్చిపోతుంది. ఇది ఎవరూ సిగ్గుపడి డాక్టర్‌కి చెప్పరు. మీరు చెప్పండి. ఆసుపత్రి వీధి మలుపు తిరగగానే వాంతి వస్తుంటే అదీ చెప్పండి, ముందు రోజు రాత్రి వేసుకునే మాత్ర ఉంటుంది.

చూడ్డానికి వచ్చే చుట్టాల సంగతి ఒకటి. పౌడరు, సెంటు, తలనిండా పూలు, చేతిలో స్వీటు డబ్బా, నోట్లో "తినకపోతే ఎలాగమ్మా" అనే మాట. ఆ మాట విన్న పూట నాకు ఉన్న కాస్త ఆకలీ పోయేది. ఆ మొదటి నాలుగు రోజులు ఎవర్నీ రావొద్దనండి. మీరు కూడా ఆమె ఎదురుగా కూర్చుని ముద్దలు లెక్కపెట్టకండి. గిన్నె పక్కన పెట్టి వేరే పని చూసుకోండి.

నోటికి రుచిగా ఉందని బయటి చెరుకురసం, బండి మీద కోసిన పుచ్చకాయ ముక్కలు, మొలకలు, రాత్రి మిగిలిన చద్దన్నం పెట్టొద్దు. తెల్లకణాలు తగ్గి, ఇన్ఫెక్షన్లు సులువుగా అంటుకునే రోజులివి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నా, దాటినా, రోజంతా నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం బాగా తగ్గినా, నాలుక మీద తెల్లటి పొర కట్టినా, వెంటనే ఆసుపత్రికి చెప్పాలి. ఇంటి చిట్కాలతో కూర్చోవద్దు.

కీమో ఆగిన కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో ఎక్కువమందికి రుచి తిరిగొస్తుంది. నాకు ముందు పులుపు వచ్చింది, కాఫీ రుచి చాలా ఆలస్యంగా వచ్చింది.

చల్లటివి పెట్టమని పైన చెప్పాను కదా, దానికి ముందు ఒక పని చేయండి. అమ్మ ఫైల్లో మందుల పేర్లు చూడండి. ఆక్సాలిప్లాటిన్ ఉంటే ఐసు, ఫ్రిజ్ నీళ్లు, చల్లటి పెరుగు ఇవ్వొద్దు. ఆ మందు పడ్డాక చల్లటిది తగిలితే గొంతు బిగుసుకుపోయినట్టై మనిషి హడలిపోతుంది. అలాంటప్పుడు అన్నీ గది వేడికి చల్లారనిచ్చి పెట్టండి, ఎన్నాళ్లు అలా ఉండాలో డాక్టర్‌నే అడగండి.