ఆగస్టు చివర్లో ఇంగ్లాండ్‌లో మా గార్డెన్‌లో హమ్మింగ్‌బర్డ్ లాంటిది కనిపించింది, నిజంగా పిట్టేనా?

పిట్ట కాదండీ, యూరప్‌లో అడవి హమ్మింగ్‌బర్డ్స్ అసలు లేవు. మీరు చూసింది దాదాపుగా హమ్మింగ్‌బర్డ్ హాక్‌మాత్ అయ్యుంటుంది, అంటే మన దీపపు పురుగుల జాతే కానీ ఇది పగలే తిరుగుతుంది, పువ్వు మీద వాలకుండా గాల్లోనే ఒకచోట నిలబడి పొడుగాటి తొండం లోపలికి పెట్టి తేనె తాగుతుంది, దగ్గరికెళ్తే రెక్కల చప్పుడు కూడా సన్నగా వినిపిస్తుంది. వెనక రెక్కలు ఆరెంజ్ కలర్‌లో ఉంటే ఇంక డౌట్ అక్కర్లేదు. దక్షిణ యూరప్, ఉత్తర ఆఫ్రికా వైపు నుంచి సముద్రం దాటి వస్తాయి, అంత చిన్న ప్రాణి అంత దూరం ఎగరడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే. బడ్లియా, లావెండర్, రెడ్ వలేరియన్ మొక్కలుంటే మళ్ళీ అదే పువ్వుల దగ్గరికి వచ్చే ఛాన్స్ ఎక్కువ, రేపు కూడా ఒక కన్నేసి ఉంచండి.

ఈ టైమ్‌లో ఇంకా చాలానే కనిపిస్తాయి. లండన్‌లో ఉంటే జెర్సీ టైగర్ అని నలుపు తెలుపు చారల మాత్ ఒకటుంది, ఎగిరినప్పుడు లోపలి ఎర్ర రెక్కలు భలే మెరుస్తాయి. పెయింటెడ్ లేడీ మన ఇండియాలో కూడా ఉండే సీతాకోకచిలుకే, 2009లో బ్రిటన్‌కి లక్షల్లో వచ్చాయి, అవన్నీ అక్కడే చలికి చచ్చిపోతాయని చాలాకాలం అనుకునేవాళ్ళు కానీ రాడార్‌తో చూస్తే వాటి తర్వాతి తరాలు శరదృతువులో సగటున 500 మీటర్ల ఎత్తులో దక్షిణానికి తిరిగి వెళ్తున్నాయని తేలింది. రెడ్ అడ్మిరల్ అనే సీతాకోకచిలుక అయితే రాలిన ఆపిల్స్, పియర్స్ రసం కోసం వస్తుంది, సెప్టెంబర్‌లో ఐవీ తీగ పూత మీద కూడా చూడొచ్చు, అందుకే రాలిన పళ్ళన్నీ ఊడ్చేయకుండా కొన్ని వదిలేయండి ప్లీజ్.