ట్రైలర్‌లో కరెంటు కష్టాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు). చలికాలంలో బ్యాటరీ తీసి గరాజ్‌లో పెట్టి, మొన్న మళ్లీ బిగించాను. బిగించేటప్పుడు చిటుక్కుమని నిప్పురవ్వ వచ్చింది, వెంటనే వైర్లు అటుది ఇటు మార్చాను. ఇంటి దగ్గర ప్లగ్ పెట్టి చూస్తే లైట్లు, పంపు అన్నీ బాగానే పనిచేశాయి. తీరా స్ప్రింగ్ బ్రేక్‌కి పిల్లలతో బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి వెళ్లి కాటన్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగితే ఒక్క లైటు వెలగలేదు, నీళ్లు రాలేదు, హీటర్ తిరగలేదు. ఇప్పుడు రిపేరు షాపువాళ్లు కన్వర్టర్ పోయింది, మార్చాలంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: అప్పుడే మార్చకండి. మీరు రాసిన దాన్ని బట్టి కన్వర్టర్ బాగానే ఉండి ఉండాలి, ఎందుకంటే ప్లగ్ పెట్టినప్పుడు లైట్లు వెలిగాయి కదా, ఆ కరెంటు ఇచ్చింది అదే.

ట్రైలర్‌లో రెండు రకాల కరెంటు నడుస్తుంది. బయట ప్లగ్ నుంచి వచ్చే 120 వోల్టుల మీద ఏసీ, మైక్రోవేవ్, గోడ సాకెట్లు పనిచేస్తాయి. లైట్లు, నీళ్ల పంపు, హీటర్ ఫ్యాన్, గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్‌లోని కంట్రోల్ బోర్డు, ఇవన్నీ 12 వోల్టులవి. 120ని 12గా మార్చి వీటికి ఇస్తూ, అదే సమయంలో బ్యాటరీని ఛార్జ్ చేయడం కన్వర్టర్ పని. ప్లగ్ ఉంటే అన్నీ పనిచేసి, తీసేయగానే అన్నీ ఆగిపోయాయంటే బ్యాటరీకీ ప్యానెల్‌కీ (ఫ్యూజులు, బ్రేకర్లు ఉండే పెట్టె) మధ్య దారి ఎక్కడో తెగింది, లేదా బ్యాటరీలోనే దమ్ము లేదు. కాటన్‌వుడ్‌లో కరెంటు పాయింట్లు లేవు, జనరేటర్ కూడా పెట్టనివ్వరు కాబట్టి ఆ లోపం అక్కడే బయటపడింది.

నాకు అనుమానం ఆ నిప్పురవ్వ మీదే. కారులో నల్ల వైరు నెగెటివ్ అని మనందరికీ అలవాటు. చాలా ట్రైలర్లలో మాత్రం అమెరికా ఇళ్ల వైరింగ్ రంగులే వాడతారు, నలుపు పాజిటివ్, తెలుపు నెగెటివ్. ఒక్క క్షణం తిరగేసి తగిలించినా చాలు, కన్వర్టర్ ప్యానెల్‌లో రివర్స్ పొలారిటీ ఫ్యూజులు కాలిపోతాయి. అవి ఉన్నదే అందుకు, మిగతా సామాను కాలిపోకుండా కాపాడటానికి. మామూలుగా రెండు ఉంటాయి, 30 లేదా 40 ఆంపులవి, మిగతా ఫ్యూజుల వరుసకి కాస్త ఎడంగా, బ్యాటరీ వైర్లు వచ్చి కలిసే చోట.

వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ ఒకటి కొనండి, ఖరీదైనది అక్కర్లేదు. ప్లగ్ తీసేసి, కొన్ని గంటలు ఆగి బ్యాటరీ మీద చూడండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. తర్వాత ప్లగ్ పెట్టి మళ్లీ అక్కడే చూడండి. 13 దాటి, సాధారణంగా 13.6 దాకా ఎక్కాలి. అంకె కదలకపోతే ఛార్జింగ్ బ్యాటరీదాకా రావడం లేదు. అప్పుడు ప్లగ్ పీకి, బ్యాటరీ వైరు ఒకటి విప్పి, ఆ తర్వాతే ప్యానెల్ తెరవండి. దయచేసి ఈ వరుస తప్పకండి, ఆ ఒక్క పెట్టెలోనే 120 వోల్టుల బ్రేకర్లు కూడా ఉంటాయి. కాలిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపులది పెట్టండి, పెద్దది పెడితే ఈసారి కాలేది వైరు.

ఫ్యూజులు బాగుంటే బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్ ఆఫ్‌లో ఉందేమో, బ్యాటరీ దగ్గర ఉండే చిన్న బ్రేకర్‌కి రెండు వైపులా ఒకే వోల్టేజ్ వస్తోందో లేదో, ఫ్రేముకి బిగించిన నెగెటివ్ వైరు బోల్టు తుప్పు పట్టిందేమో చూడండి. తుప్పు గీకి బిగిస్తే తీరిపోయే సమస్యలు చాలా ఉంటాయి.

ఇంకో మాట, అన్నీ సరిచేసినా గ్రూప్ 24 సైజు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కటే ఉంటే చలి రాత్రి మొత్తం హీటర్ ఫ్యాన్‌ని మోయడం కష్టం. సగం కంటే ఎక్కువ వాడేస్తే దాని ఆయుష్షు కూడా తగ్గుతుంది.

ప్రశ్న: ఇంటి దగ్గర ట్రైలర్ కోసం 30 ఆంపుల సాకెట్ పెట్టిస్తున్నాం. ఎలక్ట్రీషియన్ 240 వోల్టుల లైను వేస్తానంటున్నాడు. సరేనా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: వద్దు, పని ఆపించండి! ట్రైలర్ 30 ఆంపుల ప్లగ్ 120 వోల్టులకే. 30 ఆంపులు అనగానే చాలామంది ఎలక్ట్రీషియన్లకి గుర్తొచ్చేది బట్టల డ్రయర్ లైను, అది 240. మనకేమో ఇండియాలో 230 అలవాటు కాబట్టి ఆ అంకె వింటే అనుమానం కూడా రాదు. ఆ సాకెట్‌లో ట్రైలర్ పెడితే మైక్రోవేవ్, కన్వర్టర్, ఏసీ క్షణాల్లో కాలిపోవచ్చు. టీటీ-30 సాకెట్ (ట్రైలర్ల కోసం ఉండే 120 వోల్టుల సాకెట్), సింగిల్ పోల్ 30 ఆంపుల బ్రేకర్, 10 గేజ్ రాగి వైరు, ఈ మూడూ కాగితం మీద రాసిచ్చి అడగండి. ప్యానెల్‌లో రెండు బ్రేకర్లు జతగా కలిపి కనిపిస్తే తప్పు లైను వేసినట్టే. పని అయ్యాక మీటరుతో అతని చేతే చూపించమనండి: హాట్‌కీ (ఇండియాలో ఫేజ్ అంటాం) న్యూట్రల్‌కీ మధ్య 120, హాట్‌కీ గ్రౌండ్‌కీ (ఎర్త్) మధ్య 120, న్యూట్రల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య సున్నాకి దగ్గరగా రావాలి. అది చూశాకే ట్రైలర్ ప్లగ్ పెట్టండి.

ప్రశ్న: వాన పడ్డాక గడ్డి మీద నిలబడి ట్రైలర్ తలుపు పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది. ప్రమాదమా?
– ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: ప్రమాదమే, ప్రాణాల మీదికి తెస్తుంది. ముందు పిల్లల్ని దూరంగా ఉంచండి, ట్రైలర్‌ని ముట్టుకోకుండా వెళ్లి కరెంటు ఇచ్చే చోట బ్రేకర్ ఆపి, ఆ తర్వాత ప్లగ్ పీకండి. మీ కరెంటు ఎక్కడో బాడీకి తగులుతోంది, దాన్ని తీసుకుపోవాల్సిన గ్రౌండ్ వైరు తెగి ఉంది. తరచుగా దొరికేది గ్రౌండ్ పిన్ను విరిగిన ఎక్స్‌టెన్షన్ కార్డు లేదా చవక అడాప్టర్, లేకపోతే క్యాంప్‌గ్రౌండ్ సాకెట్‌లోనే గ్రౌండ్ సరిగా లేకపోవడం. కరెంటు కారే చోటు వేరే ఉంటుంది, నీళ్లు దూరిన బయటి సాకెట్ కావచ్చు, పగిలిన వాటర్ హీటర్ ఎలిమెంట్ కావచ్చు. కాబట్టి కార్డు మార్చగానే షాక్ ఆగింది కదా అని వదిలేయకండి, రెండూ బాగుచేయించాలి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా ప్లగ్ పెట్టకుండా బ్యాటరీ మీదే వాడుకోండి. 12 వోల్టులతో ఈ షాక్ భయం లేదు, లైట్లు, పంపు, గ్యాస్ మీద ఫ్రిజ్ నడుస్తాయి, ఏసీ, మైక్రోవేవ్ మాత్రం ఉండవు.