మధ్యాహ్నానికి రంగు మారడం ఆగిపోతోంది, ఎందుకు?

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం 5సీబీ ద్రవ స్ఫటికంలో డిస్పర్స్ రెడ్ 1 రంగు కలిపి, రెండు గాజు పలకల మధ్య నింపి సెల్ చేశాను. పొద్దున పోలరైజర్ (ఒకే దిక్కున కంపించే కాంతిని వదిలే పలక) తిప్పితే ఎరుపు ముదురుగా, లేతగా మారుతోంది. మధ్యాహ్నం ఎంత తిప్పినా ఒకేలా ఉంటోంది, వోల్టేజి ఇచ్చినా మార్పు లేదు. రంగు పాడైందాండీ? – ఒక విద్యార్థిని, ఎచ్చెర్ల

జవాబు: రంగుకేమీ కాలేదమ్మా. 5సీబీ దాదాపు 35 డిగ్రీల దగ్గర నెమాటిక్ స్థితి వదిలి మామూలు ద్రవమైపోతుంది. రోహిణి కార్తెలో మన వైపు ఏసీ లేని గది అంతకంటే వేడెక్కడం మామూలే. నెమాటిక్‌లో అణువులు ఒకే దిక్కుకు ఒరిగి ఉంటాయి, వాటి మధ్య చేరిన రంగు అణువులూ అదే వరస పాటిస్తాయి. కాంతి విద్యుత్ క్షేత్రం వాటి పొడవు వెంట ఉంటే ఎక్కువ పీల్చుకుంటాయి, అడ్డంగా ఉంటే తక్కువ. వరస చెదిరాక ఏ దిక్కున చూసినా ఒకటే. 33 డిగ్రీల దగ్గరే ఆ వరస బాగా సడలుతుంది కాబట్టి ప్రతి రీడింగు పక్కన ఉష్ణోగ్రత రాయండి. సెల్ హోల్డరు చుట్టూ 27 డిగ్రీల నీళ్లు తిప్పితే చాలు. లేదంటే 58 డిగ్రీల దాకా నిలిచే ఈ7 మిశ్రమం వాడండి.

100 మిల్లీగ్రాముల 5సీబీకి 1 మిల్లీగ్రాము రంగు సరిపోతుంది. ఎక్కువైతే కరగకుండా రేణువులు మిగిలి కాంతిని చెదరగొడతాయి, మైక్రోస్కోపులో చూస్తే తెలిసిపోతుంది. మిశ్రమాన్ని 40 డిగ్రీలకు వేడిచేసి సెల్‌లోకి ఎక్కించి, మెల్లగా చల్లారనివ్వండి. నెమాటిక్ స్థితిలోనే నింపితే ప్రవాహపు చారలు పడతాయి. వోల్టేజి మాత్రం 1 కిలోహెర్ట్జ్ ఏసీయే ఇవ్వండి. డీసీ ఇస్తే అయాన్లు పలకల దగ్గర పోగుపడి, సెల్ చెడిపోతుంది.

సెల్ పలకలను రుద్దిన దిక్కు (అణువులు ఒరిగే దిక్కు) వెంట శోషణ 0.9, అడ్డంగా 0.2 వచ్చిందనుకోండి. తేడా 0.7ను, మొదటిదానికి రెండోదాని రెట్టింపు కలిపిన 1.3తో భాగిస్తే క్రమ సూచిక (వరస ఎంత బాగుందో చెప్పే అంకె) 0.54. రంగు లేని సెల్ రీడింగును ముందే తీసేయాలి. గాజు ప్రతిఫలనం రెండింటికీ సమానంగా చేరి సూచికను తగ్గించి చూపిస్తుంది. ఎక్కువ మంది తప్పేది ఇక్కడే.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీలో ఇలాంటి సెల్స్ చేసే వసతి లేదు. పిల్లలకు ఇదే సంగతి చూపించడమెలా? – ఒక లెక్చరర్, బొబ్బిలి

జవాబు: పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) ఫిల్మ్ చేయించండి. 100 మిల్లీలీటర్ల చల్లటి డిస్టిల్డ్ వాటర్‌లో 5 గ్రాముల పీవీఏ పొడి చల్లి, తర్వాతే 85–90 డిగ్రీలకు వేడిచేస్తూ కలపాలి. వేడి నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. 10 మిల్లీగ్రాముల కాంగో రెడ్ కలిపి, మట్టం చూసిన గాజు పళ్లెంలో పోసి, దుమ్ము పడకుండా ఆరనివ్వండి. ఒక పట్టీ కోసి, ఆవిరికి కాస్త మెత్తబరిచి, నెమ్మదిగా మూడు నాలుగు రెట్లు సాగదీయండి. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర కాంతి పోలరైజ్ అయ్యే వస్తుంది, దాని మీద తెల్ల పేజీ తెరిచి పట్టీని తిప్పితే రంగు ముదరడం, తేలడం వరసలో కూర్చున్న పిల్లలందరికీ కనిపిస్తుంది. సాగదీయని ముక్కను పక్కనే పెట్టండి, అది మారదు. శ్రావణంలో తేమకు ఫిల్మ్ మెత్తబడి ముడుచుకుపోతుంది కాబట్టి రెండు గాజు పలకల మధ్య బిగించి సిలికా జెల్ డబ్బాలో దాచాలి. కాంగో రెడ్ బెంజిడీన్ నుంచి చేసిన రంగు, తూకం వేసేటప్పుడు గ్లౌజులు, మాస్కు తప్పనిసరి.