ఇంకా ఏ మండలం రావాలి?

గుంటా,

పోయిన అమెరికా అధ్యక్ష ఎన్నికల రాత్రి, 2024లో, నువ్వు డాలస్ నుంచి నాకు పదకొండుసార్లు ఫోన్ చేశావు, నేను లెక్కపెట్టాను. "పెద్దమ్మా, ఇప్పుడు ఈయన ముందుకొచ్చాడు", "పెద్దమ్మా, ఆవిడ లీడు పోయింది", "పెద్దమ్మా, మ్యాప్ అంతా ఎర్రగా అయిపోయింది, ఇంకేముంది". ఓ పక్క నవ్వొచ్చింది, ఇంకో పక్క జాలేసింది. నీకు ఇక్కడ ఓటు లేదు, కానీ నీ వీసా, నీ ఉద్యోగం, ఆఖరికి నీ పెళ్ళి కబుర్లు కూడా ఆ ఫలితం చుట్టూనే తిరుగుతున్నాయి, కాబట్టి టెన్షన్ పడకు అని నేను చెప్పను. పడు. కానీ ఎక్కడ పడాలో అక్కడే పడు, పదకొండుచోట్ల కాదు. మళ్ళీ పోలింగ్ 2028 నవంబర్ 7న, బోలెడు టైముంది, ఈ ఉత్తరం ఎక్కడైనా దాచుకో.

టీవీ వాళ్ళు లెక్కింపుని గుర్రప్పందెంలా చూపిస్తారు. ఈయన దూసుకొచ్చాడు, ఆవిడ వెనకబడింది అంటారు. ఎవరూ ఎక్కడికీ దూసుకుపోవడం లేదమ్మా. పోలింగ్ తలుపులు మూసేసరికే ఓట్లు పడిపోయాయి, పెట్టెల్లో కూర్చున్నాయి. వాటిని ఏ వరసలో బయటికి తీస్తున్నారో అదే రాత్రంతా మనం చూసేది.

మీ తాతయ్యకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. చోడవరంలో టీచరుగా ఉండగా ఆయన కౌంటింగ్ డ్యూటీలకి వెళ్ళొచ్చిన మనిషి. 1989లో మన అనకాపల్లి ఎంపీ సీటు తొమ్మిదంటే తొమ్మిది ఓట్లతో తేలింది, కొణతాల రామకృష్ణ గెలిచారు. ఆ తొమ్మిది గురించి మా ఇంట్లో ఎన్నేళ్ళు మాట్లాడుకున్నామో! ఏ ఎన్నికలైనా సరే, రేడియోలో లీడు చెబుతుంటే మేమంతా "ఎంత, ఎంత" అని అడిగేవాళ్ళం. ఆయన మాత్రం "ఇంకా ఏ మండలం రావాలి?" అని అడిగేవారు. నీకు నేను నేర్పేదంతా ఆ ఒక్క ప్రశ్నే, మిగిలిందంతా అమెరికాలో దానికి జవాబు ఎక్కడ వెతుక్కోవాలన్నది.

మాకు అది నేర్చుకోడానికి బాగానే ఖర్చయింది. 2000లో గోర్, బుష్ పోటీ పడ్డ ఎన్నికలకి మేము అట్లాంటా వచ్చి రెండేళ్ళు. రాత్రి ఎనిమిది కాకుండానే చానళ్ళన్నీ ఫ్లోరిడా గోర్‌దే అన్నాయి. ఫ్లోరిడా పడమటి కొసన గడియారం గంట వెనక నడుస్తుంది, అక్కడ జనం ఇంకా ఓట్లు వేస్తూనే ఉన్నారు, అయినా అనేశారు. మీ పెదనాన్న ఆగలేక కాలింగ్ కార్డు గీకి చోడవరం ఫోన్ చేసి "గోర్ గెలిచాడండీ మావయ్యగారూ" అని చెప్పేశారు. పదింటికల్లా చానళ్ళు ఆ మాట వెనక్కి తీసుకున్నాయి. రెండు దాటాక బుష్ గెలిచాడన్నారు, గోర్ కూడా బుష్‌కి ఫోన్ చేసి అభినందించి, కాసేపటికి మళ్ళీ ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి చానళ్ళు మళ్ళీ నాలుక కరుచుకున్నాయి. పెదనాన్న మూడు కార్డులు అవగొట్టారు. మూడోసారి తాతయ్య తాపీగా "అయితే అల్లుడుగారూ, ఫ్లోరిడాలో ఇంకా ఏ మండలం రావాలండీ?" అని అడిగితే మా ఇద్దరికీ నోట మాట లేదు. ఆ ప్రశ్నకి జవాబు రావడానికి 36 రోజులు పట్టింది. మొదటి లెక్కలో 1,784 ఓట్లున్న తేడా చివరికి 537 దగ్గర ఆగింది, దాదాపు 60 లక్షల ఓట్లలో. అదీ సుప్రీంకోర్టు 5-4తో మళ్ళీ లెక్కింపు ఆపాక.

మన దగ్గర ఈసీ ఉంది. అన్ని యంత్రాలూ ఒకే రోజు తెరుస్తారు, ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్లు మొదలు, తర్వాత రౌండ్లు, మధ్యాహ్నానికి స్వీట్లు పంచేస్తారు. ఇక్కడ అలాంటి ఢిల్లీ లేదు. ఎన్నికలు రాష్ట్రాలవి, లెక్కించేది చాలాచోట్ల కౌంటీలు, మనకి మండలాలు ఎలాగో అలాగనుకో, మా జార్జియా ఒక్కదానికే 159 కౌంటీలు, ఎవరి పద్ధతి వాళ్ళది. అందుకే ఆ రాత్రి "ఫలానా రాష్ట్రం కాల్ చేశారు" అంటారు చూడు, అది ప్రభుత్వం మాట కాదు, వార్తాసంస్థ అంచనా. వెనకున్నవాడు మిగిలిన ఓట్లతో అందుకునే దారి లేదని వాళ్ళకి నమ్మకం కుదిరితే అంటారు. ఏపీ, అంటే అసోసియేటెడ్ ప్రెస్, 1848 నుంచీ ఈ పని చేస్తోంది, నేను దాన్నే నమ్ముతాను. (మా ఆయన మాత్రం ఇప్పటికీ ఏపీ అనగానే మన ఏపీలో ఏమైందని తలెత్తుతారు.) 2020లో మా జార్జియా తేడా సన్నగా ఉందని వాళ్ళు నవంబర్ 19 దాకా నోరు విప్పలేదు. అంత ఓపిక ఉన్నవాళ్ళనే చూడు.

ఇక అసలు విషయం, ఏ ఓట్లు ముందు, ఏవి వెనక. ఇక్కడ ఓట్లు మూడు రకాలుగా పడతాయి. పోస్టులో వచ్చేవి, ముందే వెళ్ళి వేసేవి, ఆ రోజు వేసేవి. 2020లో కోవిడ్ మూలంగా డెమోక్రాట్లు ఎక్కువగా పోస్టులో వేశారు, రిపబ్లికన్లు ఎక్కువగా ఆ రోజు లైన్లో నిలబడి వేశారు. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం పోస్టు కవర్లు పోలింగ్ రోజు ఉదయం ఏడు దాకా విప్పకూడదు. లక్షలకి లక్షల కవర్లు! విప్పి, సంతకం చూసి, మడత తీసి, మిషన్లో పెట్టాలి. దాంతో అవి ఆఖరికి మిగిలిపోయాయి. బుధవారం పొద్దున రిపబ్లికన్ ట్రంప్ అక్కడ దాదాపు ఏడు లక్షల ముందున్నారు, శుక్రవారం పొద్దునకి డెమోక్రాట్ బైడెన్ దాటారు, శనివారం పదకొండున్నర వేళకి చానళ్ళు తేల్చేశాయి, ఆఖరి తేడా 80,555. ఆ నాలుగు రోజులూ ఒక్క కొత్త ఓటు కూడా పుట్టలేదు, అప్పటికే పడినవి లెక్కకెక్కాయంతే. ఫ్లోరిడాలో దీనికి తలకిందులు. అక్కడ పోస్టు ఓట్లు ముందే సరిచూసి పెట్టుకుంటారు, తలుపులు మూయగానే అవే ముందు పడతాయి, ఆ తర్వాత ఆ రోజువి వస్తాయి. ఒకే రాత్రి రెండు రాష్ట్రాల్లో రెండు అబద్ధపు లీడులన్నమాట, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది (ఎరుపు రిపబ్లికన్లది, నీలం డెమోక్రాట్లది).

అయితే ఇదే సూత్రం బట్టీ పట్టకు. 2024కి రిపబ్లికన్లు కూడా ముందే ఓటు వేయడం బాగా మొదలెట్టారు, మిచిగన్ లాంటి చోట చట్టం మార్చి కవర్లు ముందే విప్పుతున్నారు, అందుకే ఆ రాత్రి అంత ఊగిసలాట కనపడలేదు. ఏపీ వాళ్ళు తెల్లవారి 5:34కి విస్కాన్సిన్ ట్రంప్‌దని చెప్పి ఫలితం తేల్చేశారు, నువ్వప్పటికి నిద్రపోయావు. 2028లో ఏ రాష్ట్రంలో కవర్లు ఎప్పుడు విప్పుతారో ఆ అక్టోబర్‌లో ఒకసారి చదువుకో. అయిదారు రాష్ట్రాలకి చూసుకుంటే చాలు, అర్ధగంట పని.

ఇప్పుడు కాగితం, పెన్సిల్. స్క్రీన్ మీద పక్కన ఒక శాతం వేస్తారు, "91% వచ్చింది" అని. అది మొత్తం ఎన్ని ఓట్లు పడి ఉంటాయో వాళ్ళు వేసుకున్న అంచనాలో శాతం, అంచనా పెరిగితే ఆ శాతం తగ్గుతుంది కూడా. దాన్ని చూసి అయిపోయిందనుకోకు. నువ్వు చేయాల్సింది నాలుగో తరగతి లెక్క. ఒకడు 40,000 ముందున్నాడు, ఇంకా లక్ష ఓట్లు రావాలి. వెనకున్నవాడికి ఆ లక్షలో 70,000 పడాలి, అంటే నూటికి డెబ్భై, అప్పుడు సమానం అవుతారు. ఇక ఆ లక్ష ఎక్కడివో చూడు. వెనకున్నవాడికి ఎప్పుడూ యాభై అయిదు వచ్చే చోటువైతే పడుకో. ఎనభై వచ్చే చోటువైతే కాఫీ పెట్టుకో. 2020లో మంగళవారం పడుకునేసరికి ట్రంప్ జార్జియాలో ముందున్నా మా పక్కింటి డెమోక్రాట్ పెద్దావిడ దిగులు పడకపోవడానికి కారణం అదే. మిగిలినవి ఫుల్టన్, డెకాల్బ్, క్లేటన్, అంటే అట్లాంటా చుట్టుపక్కలవని ఆవిడకి తెలుసు. మేముండే ఫోర్సైత్ బేగి తేలిపోయింది. శుక్రవారం తెల్లారకుండానే క్లేటన్ ఓట్లతో బైడెన్ దాటారు, ఆఖరికి దాదాపు 50 లక్షల ఓట్లు చేత్తో కూడా లెక్కపెట్టి, మళ్ళీ మిషన్లో వేసి చూస్తే తేడా 11,779. మా సబ్‌డివిజన్లో ఎంతమంది తెలుగువాళ్ళం ఉన్నామో తలుచుకుంటే ఆ అంకె చూసి నాకు ఒళ్ళు ఝల్లుమంది, మన జిల్లా తొమ్మిది గుర్తొచ్చింది.

ఆరిజోనా చూసేటప్పుడు మారికోపా కౌంటీ ఒక్కటి చూస్తే చాలు, రాష్ట్రం ఓట్లలో సగానికి పైగా అక్కడే. అక్కడ చాలామంది పోస్టు ఓటుని ఇంట్లో పెట్టుకుని కూర్చుని పోలింగ్ రోజున తెచ్చి పడేస్తారు, వాటి సంతకాలు సరిచూడ్డానికి రోజులు పడతాయి. 2020లో ఫాక్స్ చానల్ రాత్రి పదకొండున్నర కాకుండానే ఆరిజోనా బైడెన్‌కి ఇచ్చేసింది, తర్వాత తేడా తగ్గుతూ తగ్గుతూ 10,457 దగ్గర నిలబడింది. వాళ్ళ మాట చివరికి నిజమైంది, కానీ నన్నడిగితే అది ధైర్యమా అదృష్టమా చెప్పలేను. కాలిఫోర్నియా అయితే వారాలు లెక్కపెడుతుంది, అక్కడ ఎవరు గెలుస్తారో ముందే తెలుసు కాబట్టి దాని గోల నీకొద్దు.

ఇంకో కిటుకు. ముందే పూర్తయిన చిన్న కౌంటీలని పోయినసారితో పోల్చు. ఒక పల్లె కౌంటీలో పోయినసారి 70 వచ్చినవాడికి ఈసారి 73 వస్తే, అలాంటివి ఇంకో పది అలాగే ఉంటే, గాలి ఎటో తెలిసిపోతుంది, పెద్ద నగరాలు రాకముందే. పెన్సిల్వేనియాలో ఈరీ, నార్తాంప్టన్ అని రెండు కౌంటీలున్నాయి, 2016లో ట్రంప్, 2020లో బైడెన్, 2024లో మళ్ళీ ట్రంప్. గెలిచినవాళ్ళ పక్కనే ఉన్నాయి మూడుసార్లూ. మన ఊళ్ళలో కూడా ఇలాంటి పోలింగ్ బూత్‌లు ఉంటాయని తాతయ్య అనేవారు, పేర్లు మాత్రం చెప్పేవారు కాదు.

ఎగ్జిట్ పోల్స్ మధ్యాహ్నం పూట బయటికి పొక్కితే చూడకు. 2004లో అలా పొక్కినవి బుష్ మీద పోటీ చేసిన కెర్రీ గెలుస్తున్నాడన్నాయి, మర్నాడు ఆయన ఒహాయో పోయిందని ఒప్పుకుని ఓటమి ప్రకటించాడు. మ్యాప్ రంగు కూడా చూడకు, భూమికి ఓటు లేదు. దేశం మొత్తం మీద ఎవరికి ఎక్కువ అన్నది కూడా ఆ రాత్రికి పనికిరాదు. 2016లో హిల్లరీకి 28 లక్షలు ఎక్కువ వచ్చినా మిచిగన్‌లో 10,704 తేడా దెబ్బకొట్టింది, దానికి విస్కాన్సిన్, పెన్సిల్వేనియా తోడయ్యాయి. కావాల్సింది రాష్ట్రాలవారీగా వచ్చే ఎలక్టర్ల ఓట్లు, 538లో 270.

మన వాట్సాప్ గ్రూపుల్ని మాత్రం ఆ రాత్రికి మ్యూట్‌లో పెట్టెయ్. ఇది బతిమాలి చెబుతున్నాను. 2020లో విస్కాన్సిన్‌లోని మిల్వాకీ నగరం తన పోస్టు ఓట్లన్నీ ఒకేచోట లెక్కపెట్టి, బుధవారం తెల్లవారుజామున ఒకేసారి పంపింది, గ్రాఫు గోడలా లేచింది. మా గ్రూపులో ఒకాయన ఆ గ్రాఫు పెట్టి "రాత్రికి రాత్రి ఓట్లు దించారు" అని రాశాడు. ఒకే హాల్లో లెక్కపెడితే ఒకేసారి వస్తాయి బాబూ, లారీలో వచ్చిన బియ్యం బస్తాలు గింజ గింజగా దిగవు కదా, అన్నాను. నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు. 2024లో, వైస్ ప్రెసిడెంటుగా గెలిచిన జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు వడ్లూరు వీడియోలు, పూజలు, టపాసులు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి, అవి సరదాగా బాగున్నాయి, కానీ వాటిలో ఓట్ల లెక్క ఉండదు.

పోలింగ్ ముగిసే టైములు నావి చెబుతున్నాను, నీ డాలస్‌కి గంట తగ్గించుకో. ఏడుకి జార్జియా, ఏడున్నరకి నార్త్ కరొలైనా, ఎనిమిదికి పెన్సిల్వేనియా, తొమ్మిదికి ఆరిజోనా, విస్కాన్సిన్, పదికి నెవాడా. ఏడుకి ముందు టీవీ పెట్టకు, ఉన్నదే నమిలి నమిలి చెబుతారు. వంట ముందురోజే చేసి పెట్టుకో. ఒంటిగంటకి తేలకపోతే ఆ రాత్రికి తేలదు, పడుకో, ఆఫీసుకి సెలవు పెట్టేదుంటే బుధవారం కాదు గురువారం పెట్టు. డిసెంబర్‌లో ఎలక్టర్ల ఓట్లు, జనవరి 6న కాంగ్రెస్‌లో లెక్క, 20న ప్రమాణం, అవి వాటి దారిన జరుగుతాయి.

నా ఏడు అంటే ఇండియాలో మీ అమ్మకి బుధవారం పొద్దున అయిదున్నర. టిఫిన్ వేళకి నీకు ఫోన్ చేసి ఎవరు గెలిచారే అని అడుగుతుంది. తేలకపోతే తేలలేదని చెప్పి, ఏ కౌంటీ రావాలో పేరు చెప్పు. అది కూడా తాతయ్య కూతురే కదా, "ఓహో, ఇంకా ఆ మండలం రాలేదా" అని పెట్టేసి వెళ్ళి దోసెలు పోసుకుంటుంది.

మీ పెద్దమ్మ